వెలుగు ఆరాక వీచే గాలి

గడియారం ఆపేశారు. గోడమీద ఎర్ర అంకెలు ఇంకా రెండు నిమిషాలు అని చూపిస్తూ బిగుసుకుపోయాయి, నేను ఊ అంటే తప్ప కదలవు, నేను ఊ అనాలంటే నా తమ్ముడు స్టైనార్ తన పడవ తీసుకుని పక్కకి పోవాలి, వాడు పోడు. సాయంత్రం ఆరుంపది. పొద్దు మూడింటికే పోయింది, కిటికీలో ఉన్నదల్లా మంచు, దాని అవతల నల్లటి సముద్రం. పదహారు రోజులుగా ఈ గదిలో ఇరవైమందిమి కాఫీ తాగుతూ, వాఫిల్స్ తింటూ, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసి విసుక్కుంటూ కూచున్నాం. మబ్బు లేనిరోజు ధ్రువకాంతి రాదు, కాంతి వచ్చినరోజు మబ్బు. ఇవాళ ఆఖరి రోజు. రేపటినుంచి తుఫాను, అది పోయేసరికి వెన్నెల అడ్డం, ఆపైన అనుమతి గడువు చెల్లు. మూడు ఊళ్ళలో పెట్టిన కెమెరాలవాళ్ళూ ఆకాశం కడిగినట్టుందని చెప్పేశారు. ఉత్తరాన ఆకుపచ్చ పట్టీ లేచి మా నెత్తిమీదికి జరుగుతోంది, రాకెట్టు ఏటవాలు పట్టాల మీద పడుకుని నామాట కోసం చూస్తోంది, దాని మొదటి అంచె ఊడి వచ్చి పడే నీళ్ళమీద, తెరలో గీసిన ఎర్రగీత లోపల, ఒక్కటే ఒక్క చిన్న త్రికోణం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. అదే స్టైనార్ పడవ.

"వాడు చెవుల్లో చేపకొవ్వు పోసుకుని పడుకున్నాడు రాగ్నక్కా," అన్నాడు బీర్గెర్. పడవలూ విమానాలూ దారిలో లేవని చూసుకునే పని బీర్గెర్‌ది, అతను సరే అంటేనే రాకెట్టు లేస్తుంది. స్టైనార్‌తో ఒకే బెంచీమీద చదివాడు, అందుకని నన్ను అక్కా అంటాడు. రేడియో మైకు పట్టుకుని ఇది పదోసారో పదకొండోసారో, "ఒరేయ్ స్టైనార్, ఒరేయ్ గుర్రం మొహమోడా, మీ అక్క పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి కూచోబెట్టిందిరా, కాస్త దారి ఇవ్వరా," అని బతిమాలాడు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. గదిలో అందరూ నవ్వారు. రెండేళ్ళ కిందట వాడు నిజంగానే ఇలా చేశాడు కదా, కాడ్ చేపలు దిగే రోజుల్లో మీ తారాజువ్వలేమిటే, మీ తారాజువ్వకన్నా ముందు పుట్టింది మా చేప అని ఎర్రగీత మధ్యలో గాలాలు దింపుకుని నాలుగు గంటలు కూచున్నాడు. ఊరంతా అది చెప్పుకుని మురిసిపోయింది. అందుకే ఇప్పుడు కూడా ఎవరికీ అనుమానం లేదు, వాడిదే పంతం అనుకుంటున్నారు, నేనూ నవ్వాను. కానీ నాకు తెలిసిన సంగతి ఈ గదిలో ఇంకెవరికీ తెలియదు. మొన్న మధ్యాహ్నం రేవులో వాడి కుడి మణికట్టు నేను విరగ్గొట్టాను.

ఎముక విరిగిన చప్పుడు పెద్దగా ఏమీ ఉండదు, ఎండుచేప విరిచినట్టు, అంతే. పెద్ద చేపని పైకి లాగాక నెత్తిమీద ఒక్కటి వెయ్యడానికి ప్రతి పడవలోనూ ఒక చెక్క దుడ్డు ఉంటుంది, వాడిది నాన్నదే, పిడి నాన్న అరిచేతికి అరిగి నున్నగా ఉంటుంది, నా అరిచేతికి కూడా సరిగ్గా పట్టింది. అంతకు గంట ముందు వాడి పెళ్ళాం లీవ్ నా గదికొచ్చి టోపీ తీసి చూపించింది, కనుబొమ చీలి ఉంది, రక్తం గడ్డకట్టి కన్ను సగం మూసుకుపోయింది. "మీ తమ్ముడి పని, వదినా. మీ ఇంటి అలవాటట కదా," అంది, ఏడవకుండా, కాఫీ కూడా వద్దని వెళ్ళిపోయింది. నేను కోటు గుండీలు పెట్టుకోకుండానే రేవుకి పోయాను. వాడు పడవలో వలల తాళ్ళు సర్దుకుంటూ, "ప్రొఫెసరమ్మ దిగివచ్చిందే, ఆకాశంలో పని లేదా ఇవాళ," అన్నాడు. నేను లీవ్ పేరెత్తాను. వాడు తల కూడా ఎత్తలేదు. "నాన్న నన్ను చావబాదిన రోజుల్లో నువ్వు బల్లముందు కూచుని ముళ్ళు ఏరుకుని తినేదానివి. ఇవాళ నోరొచ్చిందా నీకు?" అన్నాడు. లీవ్ కోసం కొట్టానని రెండు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అబద్ధం. ఆ మాటకి కొట్టాను. తలకే గురిపెట్టాను, వాడు చెయ్యి అడ్డం పెట్టాడు కాబట్టి చెయ్యి విరిగింది, లేకపోతే విరిగేది వాడి పుర్రె. వాడు అరవలేదు. నావైపు చూసి, కింద పడ్డ దుడ్డువైపు చూసి, "ఆహా, నేర్చేసుకున్నావే," అన్నాడు.

పట్టీ పైకి వచ్చింది. తెరమీద దాని దక్షిణపు అంచు పదునుగా, కిందివైపు గులాబీ రంగు జీరతో, ఇంతకాలం నేను అడిగింది అడిగినట్టు తయారై వచ్చింది. ఇంకో పావుగంట, మహా అయితే అరగంట ఉంటుంది. జనం ఈ వెలుగు చూడటానికి ఎక్కడెక్కడినుంచో వచ్చి మంచులో నిలబడి ఫోటోలు తీసుకుంటారు, నాకు వెలుగు మీద పెద్ద ప్రేమ లేదు. ఎంతసేపూ దాని పక్కనున్న గాలి మీదే నా కన్ను. నూట ఇరవై, నూట యాభై కిలోమీటర్ల ఎత్తున కూడా గాలి ఉంటుంది, పల్చగా, ఉందా లేదా అన్నట్టు. దానికి ఈ గొడవతో సంబంధం లేదు. విద్యుత్తు అంటిన కణాలు ఉంటాయి, పరుగెత్తేది అవి, వాటిని తరిమే బలం వాటినే తరుముతుంది, మామూలు గాలి ఊరికే దారిలో నిలబడి ఉంటుంది. పరుగెత్తేవి వచ్చి దాన్ని గుద్దుతాయి. ఒక గుద్దు ఏమీ కాదు, పది ఏమీ కావు. గంటసేపు గుద్దులు తిన్నాక మామూలు గాలి కదులుతుంది, తర్వాత నడుస్తుంది, తర్వాత ఈ ప్రపంచంలో ఏ తుఫానూ వీచనంత వేగంతో, సెకనుకి నూట యాభై మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఉరుకుతుంది. అప్పుడు వెలుగు ఆరిపోతుంది. చూసేవాళ్ళు కెమెరాలు మడిచి ఇళ్ళకి పోతారు. వెలుగు ఆరిందని గాలికి ఎవరూ చెప్పరు. అది గంటలకొద్దీ అలాగే పోతుంది, చీకట్లో, పైగా తనని గుద్దినవాటినే ఎదురు ఈడ్చుకుంటూ. కంటికి కనపడదు. దాన్ని చూడాలంటే పొగ కావాలి, అందుకే రాకెట్టు, దాని కడుపులో గాలి తగిలితే తనంతట తానే మెరిసే ద్రవం నాలుగు సీసాలు. పైకి పోతూ తెల్లటి గీత గీస్తుంది, సుద్దముక్కతో గీసినంత నిటారుగా. రెండు నిమిషాల్లో ఆ గీతని గాలి పట్టుకుని మెలిపెట్టి, ఒకచోట తూర్పుకి ఒకచోట పడమటికి లాగి, చింపి పారేస్తుంది. నా జీవితంలో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ పక్కవాళ్ళు చప్పట్లు కొట్టారు, నేను బయటికి పోయి వాంతి చేసుకున్నాను. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మా నాన్న పేదర్ కొట్టేటప్పుడు తిట్టేవాడు కాదు. ఊళ్ళో తక్కిన మగాళ్ళంతా బండబూతులు తిట్టి ఒక్క దెబ్బా వెయ్యరు, మావైపు బూతులకి కోర్టు కూడా కోప్పడదంటారు. నాన్న మాత్రం నిశ్శబ్దం. తడిసిన తాడు కొస రెండు చుట్లు చేతికి చుట్టుకుని, ప్రతి దెబ్బకీ ముక్కుతో ఒక చిన్న ఊపిరి వదిలేవాడు, హుం అని, బరువు దించుకున్నవాడిలా. స్టైనార్ కింద, తలుపు పక్కన. నేను బల్లముందు. ఉడికిన కాడ్, దాని కాలేయం, గుడ్లు, బంగాళాదుంపలు. అమ్మ పొయ్యివైపు తిరిగి ఉండేది. చల్లారితే కాలేయం నూనె గడ్డకట్టి పళ్ళేనికి అంటుకుంటుంది కాబట్టి నేను తింటూనే ఉండేదాన్ని. నన్ను నాన్న ఎప్పుడూ ముట్టుకోలేదు. నేను ఎవరి వైపూ కాదు, అలా ఉంటే చాలనుకున్నాను, తొమ్మిదేళ్ళపాటు అలాగే ఉన్నాను, నాన్న ఒక ఫిబ్రవరిలో నీళ్ళలో పోయాడు, నేను చదువుకోడానికి పోయాను, అయిపోయింది అనుకున్నాను. మొన్న రేవులో దుడ్డు లేపి దించినప్పుడు నా ముక్కులోంచి ఆ ఊపిరి వచ్చింది. హుం. చెవులారా విన్నాను. నాన్న చచ్చి ముప్ఫైనాలుగేళ్ళు.

అసలు అమ్మ ఏప్రన్ సంగతి ఒకటుంది. ధ్రువకాంతికి తెల్లగుడ్డ ఊపకూడదు, ఊపితే అది కిందికి దిగి మనిషిని ఎత్తుకుపోతుందని ముసలమ్మలు పిల్లల్ని బెదిరించేవాళ్ళు, అందుకే పిల్లలందరం ఊపేవాళ్ళం, ఊపి ఇంట్లోకి పరుగెత్తేవాళ్ళం. వాడికి ఎనిమిదేళ్ళు, నాకు పదకొండు. దండెం మీద అమ్మ తెల్ల ఏప్రన్ గడ్డకట్టి రేకులా ఉంది. తీసింది నేను. ముందు ఊపింది నేను. పైన పచ్చటి పట్టీ నిజంగానే వంకర్లు పోయి మావైపు దిగినట్టయింది, నాకు భయమేసి ఏప్రన్ వాడి చేతుల్లో పెట్టి గడపలోకి దూకాను, సరిగ్గా అప్పుడు నాన్న రేవునుంచి వస్తున్నాడు. మర్నాడు నాన్న సముద్రంలోకి పోవాలి, పోయేవాడి ఇంటిముందు తెల్లగుడ్డ ఊపితే పడవకి కీడంటారు. వాడు నావైపు చూశాడు. అక్క చేసింది అనలేదు. నేనూ నేను చేశాను అనలేదు. ఆ సాయంత్రం వాడి చెవిలోంచి రక్తం వచ్చింది, ఇప్పటికీ ఎడం చెవి సరిగ్గా వినపడదు.

వినపడదు. అందుకే రేడియో పలకడంలేదేమో, కాదు, కుడిచెవి బాగానే ఉంది. ఆరుంముప్పావు. "చేపలు తెగ పడుతున్నట్టున్నాయి వెధవకి," అంటున్నాడు బీర్గెర్, "చూడు, ఇంజను ఆపుకుని గాలాలు దింపి హాయిగా నీటివాలుకి పోతున్నాడు." నిజమే, గాలాలతో పట్టేవాళ్ళు అలాగే పోతారు, పక్కకి, పీతలాగా. త్రికోణం ముక్కు తూర్పుకి ఉంది, పోవడం ఉత్తరానికి పోతోంది. చూసేవాళ్ళకి అది చేపలు పడుతున్న పడవ. కానీ పది కిలోల కాడ్‌ని గాలం మీదనుంచి ఎడంచేత్తో ఎవడు దించుతాడు? గంటనుంచి ముక్కు ఒక్క డిగ్రీ తిరగలేదు. ఇంజను పనిచేసే పడవ ఊరికే అయినా ఒకసారి తిరుగుతుంది. నాకు ఆరుంపదికే తెలుసు. కాదు, పొద్దున్నే తెలుసు. ఇక్కడికి వచ్చేముందు లీవ్ ఫోన్ చేసింది, "అయిదింటికే ఒంటరిగా పోయాడు వదినా. ఆ చెయ్యి బంగాళాదుంపలా వాచింది, గ్లవుజు మీద టేపు చుట్టుకున్నాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఏమైందో నీకేమన్నా తెలుసా?" అంది. తెలీదన్నాను. రాకెట్టు మందు దగ్గర ఫోన్లు పనికిరావని గేటు దగ్గర తీసి పెట్టెలో పెట్టుకుంటారు, నాది పెట్టెలో వేసినప్పుడు హాయిగా అనిపించింది.

వాడు పిలవడు. మావాళ్ళ రోగం అది. పడవ నీళ్ళమీద తేలుతున్నంతసేపూ మగాడు రేడియోలో సాయం అడగడు, అడిగితే ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ వినిపిస్తుంది, ఆ మాట మనవళ్ళదాకా మోసుకుతిరుగుతారు. నాన్న కూడా అడగలేదు, ఊళ్ళోవాళ్ళు అవతల కొండమీదనుంచి రెండు గంటలు చూశారట, ఏదో చేపలు పడుతున్నాడులే అనుకున్నారట. బయట మైనస్ తొమ్మిది. నేను నోరు తెరిస్తే రక్షణపడవ ఎర్రగీతలోకి వస్తుంది, వస్తే ఇవాళ రాకెట్టు లేదు, ఇవాళ లేకపోతే ఇంక లేదు, నాకు యాభైరెండు, ఇంకో ఎనిమిదేళ్ళు కాగితాలు పెట్టుకుంటూ తిరిగితే ఎవరైనా ఇంకోటి ఇస్తారేమో. నోరు తెరిస్తే ఎలా తెలుసని అడుగుతారు. ఈ రెండిట్లో నన్ను ఏది ఎక్కువ నొక్కిపెడుతోందో తేల్చుకోవాలని చూశాను, తేలలేదు, అలా చూస్తూ ముప్ఫైఅయిదు నిమిషాలు కూచున్నాను, బల్లమీద కాఫీ, వాఫిల్ ముక్క. నేను తింటున్నాను. నిజంగా, ముక్కలు తుంచుకుని తింటున్నాను. నా చేతుల్ని చూస్తే నాకే అసహ్యం వేసింది.

"వెళ్ళిపోయాడు!" బీర్గెర్ కుర్చీలోంచి లేచాడు. త్రికోణం ఎర్రగీతని దాటింది, నీటివాలే దాన్ని మోసుకుపోయి అవతల పెట్టింది. తెరమీద ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. గదిలో ఇరవైమందీ ఒక్కసారి ఊపిరి వదిలారు, ఎవరో నా భుజం తట్టారు, కెమెరా ఊళ్ళు మూడూ సిద్ధం, సిద్ధం, సిద్ధం అన్నాయి, పట్టీ సరిగ్గా నెత్తిన రెండుగా చీలి కొట్టుకుంటోంది, అంతకన్నా మంచిది ఈ ముప్ఫై ఏళ్ళలో నేను చూడలేదు. "సముద్రం ఖాళీ. నీ మాటే ఆలస్యం రాగ్నక్కా." పది నిమిషాలు. పది నిమిషాల్లో అంతా అయిపోతుంది, గీత గీస్తుంది, గాలి చింపుతుంది, ఫోటోలు పడతాయి, అప్పుడు చెప్తాను, పది నిమిషాల్లో ఏం మునిగిపోతుంది. నాన్నని కొండమీదనుంచి చూసినవాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటారు. నోట్లో వాఫిల్ ఉంది. మింగుడు పడలేదు, అరిచేతిలోకి ఉమ్మేశాను.

"ఆపండి," అన్నాను. "వాడు చేపలు పట్టడంలేదు. కొట్టుకుపోతున్నాడు. రక్షణపడవని పంపండి."

"నీకెలా తెలుసు?"

"వాడి కుడిచెయ్యి విరిగింది. నేనే విరగ్గొట్టాను, మొన్న, దుడ్డుతో. పొద్దుటినుంచీ నాకు తెలుసు."

బీర్గెర్ నావైపు ఒక్క క్షణం చూశాడు, ఆ చూపు గురించి నాకేమీ అనాలని లేదు. మైకు తీసుకున్నాడు. అతని గొంతులో వెటకారమంతా పోయి, అంకెలు, దిక్కులు, రేఖాంశాలు. గోడమీద రెండు నిమిషాల అంకెలు ఆరిపోయి ఖాళీ గీతలు వచ్చాయి. రాకెట్టుమీద పనిచేసేవాళ్ళు ఒక్కొక్కళ్ళే హెడ్‌ఫోన్లు తీసి బల్లలమీద పెట్టారు, ఆరేళ్ళ పని. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. పైన వెలుగు ఇంకా కాసేపు తన్నుకుని, మసకబారి, మాసిన గుడ్డ రంగుకి వచ్చి, పోయింది. ఆ పైన ఇప్పుడు గాలి పోతూ ఉంటుంది. ఎంత వేగంతోనో, ఎటో, ఎన్ని గంటలో, పొగ లేదు కాబట్టి ఎవరికీ తెలియదు, నాకు మాత్రం దాని మోత వినిపిస్తున్నట్టే ఉంది. లీవ్‌కి ఫోన్ చెయ్యాలి, ఏమని చెప్పాలి. ఆ ఇంట్లో పిల్లలు లేరు, అదొక్కటే నయం. రక్షణపడవ అక్కడికి చేరడానికి నలభై నిమిషాలు. వాడు చస్తే నేను చంపినట్టే, దానికి ఇంకో పేరు లేదు, ఎంత వెతికినా లేదు.

రేడియో పలికింది. రక్షణపడవ నడిపే ఆవిడ గొంతు. "మనిషి దొరికాడు. బతికే ఉన్నాడు. ప్రొపెల్లర్‌కి తాడు చుట్టుకుంది, ఒంటిచేత్తో కొయ్యలేకపోయాడు. క్యాబిన్లో మోకాలిలోతు నీళ్ళు, దాన్లో కూచుని ఉన్నాడు. మాట్లాడతానని గోల పెడుతున్నాడు, ఇస్తున్నా."

కాసేపు ఇంజను మోత, ఎవరో దగ్గడం. "బీర్గెర్," స్టైనార్ మాట ముద్దముద్దగా ఉంది, పెదాలు కొయ్యబారినట్టున్నాయి. "ఎవడ్రా మీకు కూతలు కూసింది? నా చెయ్యి తాళ్ళు లాగే మరలో పడి నలిగింది. మొన్న. నీ పుస్తకంలో అదే రాసుకో. అక్కకేం తెలుసు, ఎప్పుడూ పైకి చూస్తూ తిరిగే మనిషి."

ప్రయోగం ఎందుకు ఆగిందో బీర్గెర్ రాసిపెట్టాలి, అది నియమం. అతని మొహంలో ఒక్కసారి బరువు దిగిపోయింది, నాకు స్పష్టంగా కనపడింది. గదిలో మావూరివాళ్ళందరి మొహాల్లోనూ అదే. మర అని రాస్తే అయిపోతుంది, ఊరు నమ్ముతుంది, నమ్మడానికి ఊరు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, బడిలో టీచరు నమ్మింది, డాక్టరు నమ్మాడు, చర్చిలో అందరూ నమ్మారు. నాన్నకోసం అబద్ధాలాడిన నోటితోనే వాడు ఇప్పుడు నాకోసం ఆడుతున్నాడు, పెదాలు కదలకపోయినా ఆడుతున్నాడు. నేను నాన్న స్థానానికి వచ్చేశాను.

"మర అని రాసెయ్యనా, అక్కా?" బీర్గెర్ మెల్లిగా అడిగాడు. నేను అతని చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"స్టైనార్, అందరికీ చెప్పేశాను. కొట్టింది నేను. నువ్వు కొట్టుకుపోతున్నావని తెలిసి నోరు మూసుకు కూచున్నదీ నేనే. ఆ ఏప్రన్ కూడా నేనే తీశాను, నీకు తెలుసు. నాకోసం ఒక్క అబద్ధం ఆడావంటే ఈసారి ఎడంచెయ్యి విరగ్గొడతాను. లీవ్ కనుబొమ సంగతి నేను చెప్పను. అది నువ్వు చెప్పుకోవాల్సింది."

అవతల మైకుమీద గాలి కొడుతున్న చప్పుడు, రక్షణపడవ ఆవిడ ఎవరికో దుప్పటి తెమ్మనడం. ఊరి వంటిళ్ళన్నిటిలో ఈ రేడియో మోగుతూనే ఉంటుందని, లీవ్ వంటింట్లో కూడా మోగుతుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది, వాడికి నాకన్నా ముందే గుర్తొచ్చి ఉంటుంది.

"రాసుకోరా బీర్గెర్," అన్నాడు స్టైనార్. "లీవ్‌ని నేను కొట్టాను. అక్క నన్ను కొట్టింది. రెండూ రాసుకో."